మగ్గం మీద వేలాడదీసిన పొద్దు

నా జబ్బు సంగతి ఊళ్ళో మొదటిసారి చెప్పినప్పుడు అందరూ కడుపు పట్టుకొని నవ్వారు. తప్పు వాళ్ళది కాదు. నేను నోరు తెరిస్తే నవ్వడం ఏళ్ళ తరబడి వాళ్ళకు అలవాటు. చావు జరిగిన ఇంటికి పోతే నన్ను వెనకాల కూర్చోబెడతారు, నా మొహం చూసి ఎవరైనా కిసుక్కుమంటారని భయం. అలాంటివాడు వచ్చి "నాకు పగలు రాత్రి తారుమారైనయి, దవాఖానల దీపం ముందట కూసొమ్మన్నరు" అంటే నమ్మేదెవరు?

ఇప్పుడు కొంచెం నిమ్మళంగా ఉంది కాబట్టి రాస్తున్నాను. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. అక్షరాలు వంకరపోతే నా కొడుకు దిద్దాడు. మాటలు వంకరపోతే మాత్రం అవి నావే, వాటిని ముట్టుకోవద్దన్నాను.

మాది ఆలంపూర్ దగ్గర నేతవాళ్ళ ఊరు. నా పేరు వీరేశం. ఇంట్లో ఒక గుంట మగ్గం ఉంది. నేలలో గుంత తవ్వి, కాళ్ళు అందులో పెట్టి కూర్చొని నేస్తాం. మేం నేసే చీరకు నడుమంతా నూలు, రెండు పక్కలా పట్టు అంచు. పోగును ఇటు నుంచి అటు మోసుకుపోయే నాడె నడిమి నూలుకు ఒకటి, అంచులకు వేరే. అందుకే ఒక్కడితో కాదు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నా పక్కన కూర్చునేది నా భార్య శంకరమ్మ. పెళ్ళైన నాటి నుంచి మేమిద్దరం మంచం మీదకన్నా మగ్గం మీదే ఎక్కువసేపు కలిసి ఉన్నాం. ఈ మాట రాయొద్దని ఆమె అంది. రాశాను.

మగ్గం గదికి ఒక కిటికీ ఉంది, ఉన్నా లేనట్టే. పొడిగాలి తగిలితే నూలు ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. ఎండ పడితే పట్టు రంగు దిగుతుంది. అందుకని మా బాపు కాలం నుంచే ఆ కిటికీకి తడిపిన గోనెపట్టా వేలాడుతోంది. లోపల ఒక బల్బు. బయట పొద్దు పొడిచిందా, గుంకిందా అనేది ఇంటి కోడి చెప్పాలి, లేదా ఆకలి చెప్పాలి.

కరోనా వచ్చిన ఏడు చీరలు కొనే దిక్కు లేక మగ్గం ఆగింది. పనిలేని మనిషికి పొద్దున లేవాల్సిన అవసరం ఏముంది? లేవలేదు. మధ్యాహ్నం కునుకు, సాయంత్రం ఫోను, ఆ తర్వాత పైకప్పు చూసుకుంటూ పడుకోవడం. మళ్ళీ పని మొదలైంది కానీ నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు. రోజురోజుకూ కాస్త కాస్త జరుగుతూ పోయింది, సరిగ్గా బిగించని మగ్గం పలక జరిగినట్టు. తెల్లవారుజామున కన్ను మూతపడేది. బాగా ఎండెక్కాక తెరిచినా, ఒంట్లో ఆ గోనెపట్టా నీళ్ళు పీల్చుకొని బరువెక్కినట్టు ఉండేది. నోట్లో చేదు, కళ్ళ వెనక ఇసుక. కసురుకోవడం ఒక్కటే సులువుగా వచ్చేది.

శంకరమ్మ పొద్దున్నే వచ్చి మగ్గం మీద తన చోట కూర్చొని కాచుకునేది. నా చోటు ఖాళీ. ఒక్కతే చేయగలిగిన నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టే పని చేసుకుంటూ, మధ్యమధ్య లోపలికి చూసేది. "లేస్తవా, నీళ్ళు వొయ్యాల్నా?" అనేది. మొదట్లో ఆ మాటకు నేను ఏదో ఒకటి అంటించేవాణ్ణి. కొన్నాళ్ళకు అనడం మానేశాను. ఆమె భయపడింది నేను లేవనందుకు కాదట. "నువ్వు ఎక్కిరిస్తలేవు. గప్పుడే నాకు దిగులు సొచ్చింది," అని తర్వాత చెప్పింది.

ఒకరోజు కొడుకు రవి అన్నం దగ్గర ఏదో అడిగితే కంచం విసిరాను. రవి గద్వాలలో బండ్ల షోరూంలో పని చేస్తాడు, నెమ్మదైన పిల్లగాడు. మెతుకులు ఏరుతూ వాళ్ళమ్మతో, "వయసైతుంది కదనే, పెద్దతనంల గట్లనే ఉంటరు," అన్నాడు. తిట్టినా నాకు అంత తగిలేది కాదు.

ఎందుకంటే నా భయం అదే. నా బాపు చివరి ఏళ్ళలో ఎట్లా పోయాడో నేను కళ్ళారా చూశాను. మొదలు నిద్ర తప్పింది. పట్టపగలు నిద్రపోయేవాడు. పొద్దుగూకే వేళ రుమాలు చుట్టుకొని, "తెల్లారింది, పడుగు వెయ్యాలె, నడువుండ్రి," అని వీధిలోకి పోయేవాడు. ఎవరో చేయి పట్టుకొని తెచ్చేవాళ్ళు. తర్వాత మాటలు తప్పాయి, ఆ తర్వాత మనుషులు. చివరికి నన్ను చూసి తన తమ్ముడి పేరు పెట్టి పిలిచేవాడు. నేనూ చిన్నాయన లాగే పలికేవాణ్ణి. నాకు కూడా మొదలు నిద్రే తప్పింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్తే నవ్వుతారని కాదు, నవ్వకపోతే ఎట్లా అని.

కార్తీకంలో శంకరమ్మ నన్ను గద్వాలలో రైలెక్కించి మహబూబ్‌నగర్ తీసుకుపోయింది. నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ ఉందని రవి ఎవరినో అడిగి తెలుసుకున్నాడు. దవాఖాన వరండాలో బల్లల నిండా జనం. నిద్ర రానివాళ్ళంతా అక్కడ గోడకు ఆనుకొని హాయిగా నిద్రపోతున్నారు. వాళ్ళను అట్లా చూస్తే నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. పక్కన ఒక అవ్వ కొంగులోంచి ఉడకబెట్టిన పల్లికాయలు తీసి నా దోసిట్లో పోసింది.

"ఏం బీమారి బిడ్డా?"

"పగలు నిద్రొస్తదవ్వా."

"గది బీమారా? మా ఆయనకు పుట్టినప్పటిసంది ఉంది," అంది అవ్వ. "మరి ఆయననెందుకు తోలుకరాలే?" అంటే, "లేస్తే కదా!" అంది. నాకన్నా గట్టి మనిషి.

డాక్టరమ్మది పాలమూరే. మాట మన మాటే, చూపు మాత్రం సూది. అన్నీ అడిగింది. ఎప్పుడు లేస్తావు, ఎక్కడ కూర్చుంటావు, ఎండలోకి ఎప్పుడు పోతావు. ఎండలోకి పోయి ఎన్నాళ్ళైందో నాకు గుర్తు రాలేదు. మనిషి లోపల ఒక గడియారం ఉంటుందనీ, దానికి తాళం ఇచ్చేది పొద్దుటి వెలుగనీ చెప్పింది. వయసు పెరిగేకొద్దీ కంట్లోకి దిగే వెలుగు తగ్గుతుందట. పైగా ముసలివాళ్ళను మనం ఇంట్లో మూలకు కూర్చోబెడతాం. వాళ్ళకు పగలు పగలులా ఉండదు, రాత్రి రాత్రిలా ఉండదు. "మీరైతే నడివయసులనే మూలకు కూసున్నరు," అంది.

ముందు కంటి డాక్టరు దగ్గరికి పంపింది. కళ్ళలో ఏ తేడా లేదని ఆయన చెప్పాకే దీపం రాసిచ్చింది. పలక లాంటి తెల్లటి దీపం. లేవగానే దాన్ని చేతికందేంత దూరంలో పక్కగా పెట్టుకొని అరగంట కూర్చోవాలి. దాన్నే గుడ్లప్పగించి చూడొద్దు, చాయ్ తాగొచ్చు, తలకాయ నొస్తే ఆపి ఫోన్ చేయాలి. అంతే. మందులేమీ లేవా అని శంకరమ్మ రెండుసార్లు అడిగింది. సూది వేయని డాక్టరు మీద మా వైపు అంత తొందరగా నమ్మకం కుదరదు.

రవి ఫోనులో దీపం తెప్పించాడు. డబ్బా విప్పి బటన్ నొక్కితే గదంతా తెల్లగా వెలిగిపోయింది. నేను దాని ముందు కాదు, మగ్గం ముందు నిలబడ్డాను. బల్బు కింద ఇన్నాళ్ళూ ఒకే రంగు అనుకున్న రెండు ఎర్ర పోగులు, ఆ వెలుగులో ఒకటి కుంకుమ, ఒకటి దానిమ్మ అని విడివిడిగా కనబడ్డాయి. నేతవాడికి ఇది చిన్న సంగతి కాదు. పోగు పోగూ లెక్కపెట్టొచ్చు. తెగిన చోటు వెతుక్కోనక్కర లేదు.

నా బుర్ర పని చేసింది. ఇంత మంచి దీపాన్ని పొద్దున చాయ్ తాగడానికి ఖరాబు చేస్తామా? ఎట్లాగూ పొద్దున నాకు లేవడం చేతకావడం లేదు. అరగంట మంచిదైతే మూడు పూటల మందు ఒకేసారి మింగినట్టు ఎక్కువసేపు పెట్టుకుంటే ఇంకా మంచిదే కదా? మగ్గం పైన వాసానికి తాడు కట్టి దీపాన్ని వేలాడదీశాను. పొద్దుగూకగానే బటన్ నొక్కి మగ్గంలో కూర్చున్నాను.

ఆ కొన్ని వారాలూ సాయంత్రాలు నాకు పండగ లాగే ఉండేవి. చీకటి పడుతుంటే ఒంట్లోకి హుషారు ఎక్కేది. పాటలు పాడేవాణ్ణి, అందరితో మాట్లాడేవాణ్ణి, దబదబా నేసేవాణ్ణి. దీపం పని చేస్తోందని మురిసిపోయాను. శంకరమ్మ మాత్రం పక్కన కూర్చొని ఆవులిస్తూ, "పానం బాగైతాందా, కరాబైతాందా?" అనేది. "చీర చూడు, ఎంత సాఫుగా వస్తాందో," అనేవాణ్ణి. చీర సాఫుగానే వచ్చింది. మనిషే వంకరపోయాడు. నా నిద్ర ఇంకా వెనక్కి జరిగింది. ఊరంతా సద్ది తిని పొలాలకు పోయే వేళకు నేను పడుకునేవాణ్ణి. పగలంతా గొడ్డులా నిద్ర.

శివరాత్రి ఇంకా రాలేదు. ఆ రోజు సంగతి బాగా గుర్తుంది.

నిద్రలేచాను. తలుపు సందులోంచి పల్చటి వెలుగు, చలి, ఎక్కడో పాలు పితికే చప్పుడు. వేపపుల్ల నోట్లో పెట్టుకొని, భుజాన తువ్వాల వేసుకొని బయటికొచ్చాను. వీధిలో ఈరన్న సైకిలు నడిపించుకుంటూ వస్తున్నాడు. శంకరమ్మకు చిన్నాన్న కొడుకు, నాకు బామ్మర్ది. మా మధ్య ఎక్కిరింపులు లేని రోజు ఉండదు.

"ఏంది బామ్మర్దీ, తెల్లారంగనే ఎటు బయలెల్లినవ్?" అన్నాను. "జర ఆగు, మొకం కడుక్కొని వస్త, పడుగుకు పోదాం."

ఈరన్న ఒక్క క్షణం నా వైపు చూశాడు. తర్వాత సైకిలు స్టాండు వేసి మరీ నవ్వాడు. "ఓరి నీ పాడుగాను బావా! పొద్దుగూకెయాళ వేపపుల్లనా! ఓ అక్కా, జర వచ్చి నీ మొగని అవుతారం జూడు!"

పడమటి వైపు చూశాను. ఆకాశం ఎర్రగా ఉంది. మేకలు ఇంటికి వస్తున్నాయి, పోవడం లేదు. ఎదురింట్లో పొద్దుగూకే దీపం పెడుతున్నారు.

నేనేం చేశానో చెప్తాను. నవ్వాను. ముందే అనుకొని చేసినట్టు, వేపపుల్లను అటూ ఇటూ తిప్పి, "మరి దీపం డాక్టరు చెప్పింది రా, రోజుకు రెండుసార్లు తెల్లారాలంట," అన్నాను. వీధిలో ఇంకో ఇద్దరు నవ్వారు. ఈరన్న కళ్ళు తుడుచుకుంటూ సైకిలెక్కి పోయాడు. ఎక్కిరింతగాడి కష్టం ఇదే. జబ్బు కూడా ఆటలోనే కలిసిపోతుంది.

శంకరమ్మ గడపలో నిలబడి ఉంది. ఆమె నవ్వలేదు. నా చేతిలోంచి వేపపుల్ల తీసుకొని పారేసింది. "మామ గిట్లనే చేసెటోడు," అంది. మామ అంటే నా బాపు. ఇన్నాళ్ళూ నేను ఒక్కణ్ణే మోస్తున్నాననుకున్న భయం ఆమె దగ్గర కూడా ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరం దాన్ని ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

మళ్ళీ మహబూబ్‌నగర్. వరండాలో పల్లికాయల అవ్వ కోసం వెతికాను, కనబడలేదు.

డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "దీపం ఎప్పుడు పెట్టుకుంటున్నరు?"

నేను గొప్పగా చెప్పాను. వాసానికి కట్టిన సంగతి, కుంకుమ, దానిమ్మ సంగతి, ఎంతసేపు నేస్తున్నదీ, అంతా. ఆమె కాసేపు కళ్ళు మూసుకుంది.

"నేనేం చెప్పిన?"

"లేవంగనే అరగంట అన్నరు మేడం. మందు ఎక్కువైతే జల్ది తగ్గుతదనుకున్న."

"గిది గోలీ కాదు వీరేశంగారూ, పొద్దు. పొద్దుగూకినంక మీరు నెత్తి మీద ఇంకో పొద్దు పొడిపిస్తే, లోపలి గడియారం ఏం సమజ్ చేసుకోవాలె? ఇంక పగలే ఉంది, పండుకునే యాళ కాలేదు అనుకుంటది. నేను ముందుకు గుంజమంటే మీరు తాడు కట్టి మరీ ఎనక్కి గుంజిన్రు."

శంకరమ్మ నా వైపు చూసిన చూపును ఇక్కడ రాయలేను. తర్వాత ఆమే డాక్టరమ్మకు వేపపుల్ల సంగతి చెప్పింది. బాపు సంగతి కూడా చెప్పింది. చెప్తున్నంతసేపూ కొంగు అంచు వేళ్ళతో సరిచేసుకుంటూనే ఉంది, మగ్గం మీద కూర్చున్నట్టే.

డాక్టరమ్మ తెల్ల కాగితం నా ముందు పెట్టింది. "కొన్ని అడుగుత. ఇయ్యాల ఏ వారం?"

"మీ దగ్గరికొచ్చిన వారం."

ఆమె పెన్ను కింద పెట్టింది. "నవ్వించే మాట అడగలే. వారం పేరు అడిగిన."

అప్పుడు నాకు చెమట పట్టింది. ఎందుకంటే నిజంగానే నాకు తెలియదు. పగలు పడుకునేవాడికి మంగళవారం ఎక్కడ అయిపోయిందో, బుధవారం ఎక్కడ మొదలైందో గట్టు కనబడదు. "బుధవారం," అన్నాను. ఆ రోజు గురువారం. ఆమె మూడు మాటలు చెప్పి గుర్తు పెట్టుకోమంది. చెంబు, గొర్రె, కిటికీ. గడియారం బొమ్మ వేయమంది. వేశాను. వెనక్కి లెక్కపెట్టమంది, పెట్టాను. ఆ తర్వాత మూడు మాటలు అడిగింది. గొర్రె వెంటనే వచ్చింది, చెంబు వచ్చింది. మూడోది రాలేదు. శంకరమ్మ పెదాలు కదుపుతోంది, నాకు అందించాలని. డాక్టరమ్మ ఆమెను బయట కూర్చోమంది. నేను గోడ వైపు చూశాను. గోనెపట్టా గుర్తొచ్చింది.

"కిటికీ," అన్నాను.

డాక్టరమ్మ శంకరమ్మను లోపలికి పిలిచి ఇద్దరికీ కలిపి చెప్పింది. ఆ మాటలు నాకు ఇప్పటికీ అట్లాగే గుర్తున్నాయి. "ఇప్పటికైతే మీ నాయిన జబ్బు నాకు కనిపిస్తలేదు. నిద్ర గింత తలకిందులైనప్పుడు ఎవరి బుర్ర అయినా తడబడ్తది, కోపమొస్తది, నోటికాడి మాట మర్చిపోతరు. కానీ రేపు కూడా రాదని నేను రాసియ్యలేను, ఎవ్వరు రాసియ్యరు. ముందుగాల పొద్దు సరిజేద్దాం. వానకాలంల మళ్ళ రాండ్రి, మళ్ళ అడుగుత."

"ప్రశ్నలు తెలిసిపాయె కద మేడం."

"మాటలు మారుస్త," అంది. బయటికొచ్చేటప్పుడు శంకరమ్మతో మాత్రం వేరేగా ఒక మాట చెప్పింది. ఇతను నవ్విస్తుంటే నవ్వండి, కానీ ఎప్పుడు నవ్విస్తున్నాడో, ఎప్పుడు దాస్తున్నాడో కనిపెట్టి ఉండండి అని.

ఇంటికి రాగానే శంకరమ్మ వాసానికున్న తాడు కోసేసింది. దీపాన్ని వసారాలో చాయ్ తాగే చోట పెట్టింది. పొద్దుగూకే ముందు దాని వైరు పీకి, తాళంచెవుల గుత్తి దోపుకున్నట్టు నడుముకు దోపుకునేది. ఊళ్ళో బంగారం దాచుకునేవాళ్ళున్నారు. కరెంటు వైరు దాచుకున్నది మా ఆవిడ ఒక్కతే. మగ్గం గది కిటికీకి ఉన్న గోనెపట్టాను, మేం నేయని వేళల్లో పైకి మడిచి కట్టేది. కొన్ని పోగులు తెగాయి. "తెగనియ్, అతుక్కుంట," అంది.

ఒక షరతు కూడా పెట్టింది. "నువ్వు ఏదన్న తప్పు మాట్లాడితే నేను అడుగుత, జోకా, కాదా అని. నాకైతే నిజం చెప్పాలె. ఊరికి ఏమన్న చెప్పుకో."

సరేనన్నాను.

లేచే వేళను కొద్దికొద్దిగా ముందుకు జరపమన్నారు. చెప్పడం సులువు. ఆ ఎండాకాలం మొదట్లో పొద్దులు ఎట్లా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. శంకరమ్మ చేయి పట్టి లేపేది, నేను తిట్టేవాణ్ణి. దీపం ముందు కూర్చోబెడితే చాయ్ గ్లాసు చేతిలో ఉండగానే నిద్రపోయేవాణ్ణి, చాయ్ ఒళ్ళో ఒలికేది. కొన్ని రోజులు తలనొప్పి వచ్చింది. ఫోన్ చేస్తే ఇంకాస్త దూరం జరపమన్నారు, తగ్గింది. పగటి నిద్రకు ఒళ్ళు లాగేది, శంకరమ్మ పడుకోనిచ్చేది కాదు. ఒకరోజు ఆమె ఏడ్చింది కూడా. "నీతోని కాదు, నాతోని కాదు. పోని, నీ ఇష్టం," అని పెరట్లోకి పోయి కూర్చుంది. ఆ రోజు నేను దీపం ముందుకు పోలేదు. మర్నాడు మళ్ళీ ఆమే వైరు తెచ్చి పెట్టింది.

ఈ సంగతి ఈరన్నకు ఎవరు చెప్పారో నేను అడగలేదు. ఒకరోజు ఇంకా మసక వెలుగుండగానే వచ్చి మా గడపలో కూర్చున్నాడు. ఎక్కిరింపు లేదు. ఈరన్న మొహంలో ఎక్కిరింపు లేకపోతే వేరే మనిషిలా ఉంటాడు.

"బావా, ఆనాడు నవ్విన. నాకెర్కలే."

"నేనే నవ్వించిన కద రా."

"అయినా." లేచి నాకు చేయి అందించాడు. "లే. పడుగుకు పోదాం."

పడుగు పని తెలియనివాళ్ళ కోసం చెప్తాను. చీర పొడుగునా ఉండే పోగులే పడుగు. మగ్గం మీదికి ఎక్కే ముందు దాన్ని వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఇటొకరు అటొకరు నిలబడి కుంచెలతో దువ్వాలి. ఎండ ముదిరితే గంజి అతుక్కుపోతుంది, అందుకని తెల్లారుతుండగానే మొదలుపెట్టి, ఎండ గట్టిపడక ముందే ముగించాలి. ఒక ఇంటివాళ్ళతో అయ్యే పని కాదు. ఈ రోజు మీ పడుగుకు మేం, రేపు మా పడుగుకు మీరు. ఈ మధ్య చాలామంది గంజి పట్టిన పడుగులే తెచ్చుకుంటున్నారు. మా వీధిలో మాత్రం ఇంకా కొందరం మానలేదు. నేను లేవలేకపోయిన రోజుల్లో మా ఇంటి తరఫున శంకరమ్మే పోయి వచ్చేది, నన్ను ఎవరూ ఏమీ అనలేదు.

ఆ రోజు నేను పోతే అందరూ కుంచెలు ఆపి చూశారు. ఎవరో, "అరే, వీరేశం మామకు తెల్లారింది!" అన్నారు. నవ్వులు. ఈరన్న కసిరాడు. "ఎందుకు కసురుతవ్ రా, బాగనే అన్నడు," అన్నాను.

కుంచె పట్టుకొని నిలబడ్డాను. తూర్పున వెలుగు వస్తోంది. మొదట తడి పడుగు మీద తెల్లగా, తర్వాత పసుపుగా, తర్వాత నేరుగా నా మొహం మీద. గంజి వాసన. ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు. నేనేమీ గొప్పగా మారిపోలేదు. పని ముగిశాక ఇంటికొచ్చి కూలబడ్డాను. కానీ ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆవులింత వచ్చింది. చాలా రోజుల తర్వాత, రావలసిన వేళకు వచ్చిన ఆవులింత. శంకరమ్మ దాన్ని చూసి, రవి పుట్టినప్పుడు ఎంత సంబరపడిందో అంత సంబరపడింది.

ఎవరైనా పడుగు వేసిన రోజు ఈరన్న వచ్చి లేపేవాడు. పడుగు లేని రోజు దీపం. మబ్బు పట్టినా దీపమే. ఒకటి ఉందని ఇంకోటి మానమని డాక్టరమ్మ చెప్పలేదు, నేనూ మానలేదు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. నా దీపాన్ని చూసి మా వీధిలో ఒకరిద్దరు తమకూ కావాలన్నారు. డాక్టరుకు చూపించుకోకుండా, కళ్ళు చూపించుకోకుండా పెట్టుకోవద్దని చెప్పాను. అదొక వెలుగే కదా అనుకొనే నేను బోర్లా పడ్డాను.

నెమ్మదిగా కోపం తగ్గింది. అన్నం వేళకు ఆకలి, పనివేళకు చేతులు. శంకరమ్మ కూడా పొద్దున నాతోపాటు దీపం దగ్గర కూర్చొని చాయ్ తాగేది, తనకూ నిద్ర బాగా పడుతోందని అంది. "నీ జబ్బుల సగం నాకు గూడ ఉండెనేమో," అంది. ఆమె చెప్పిన ఇంకో సంగతి ఏమంటే, నేను మళ్ళీ ఎక్కిరించడం మొదలుపెట్టింది రవి కొత్త మీసంతోనట. ఆ రోజు రవి మీసం తీసేసుకున్నాడు గానీ లోపలికి పోయి వాళ్ళమ్మతో, "నాయిన బాగైండు," అన్నాడట.

వానలు పడ్డాక మహబూబ్‌నగర్ పోయాం. డాక్టరమ్మ అన్నట్టే మాటలు మార్చింది. ఈసారి పలుగు, కోడి, నిమ్మకాయ. వారం సరిగ్గా చెప్పాను, మూడు మాటలూ చెప్పాను. గడియారంలో ముళ్ళు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ఆమె కాగితం చూసి తల ఊపింది. "బాగుంది. మళ్ళ ఏడాదికి రాండ్రి." "ఏడాదికి బాగలేకుంటే?" అన్నాను. "అప్పుడు గూడ రాండ్రి," అంది. దిలాసా అంతే. అంతకన్నా పెద్ద మాట ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఇంటికొచ్చిన మర్నాడు ఇద్దరం మగ్గం ఎక్కాం. వాన పడి గాలి తడిగా ఉంది కాబట్టి కిటికీ తెరిచే నేస్తున్నాం. కుంకుమ పోగు కుంకుమ లాగే కనబడుతోంది. పోయిన ఏడాది ఈరన్న బిడ్డ పెళ్ళి జరిగింది, ఆ సంగతి మాటల్లోకి వచ్చింది.

"గా అల్లుడు మంచోడేనా?" అంది శంకరమ్మ.

"మంచోడే," అన్నాను. "పేరేంది..."

నాడె నా చేతిలోనే ఆగిపోయింది. పెళ్ళిలో ఆ పిల్లగాణ్ణి ఎంత ఏడిపించానో గుర్తుంది. చొక్కా రంగు గుర్తుంది. పేరు ఉండాల్సిన చోట ఏమీ లేదు.

శంకరమ్మ చేయి కూడా ఆగింది. నా మొహంలోకి చూసింది.

"జోకా?"

షరతు గుర్తుంది. "కాదు. నిజంగనే యాదికొస్తలేదు."

ఆమె పైకి, వాసం వైపు చూసింది, తాడు కట్టిన చోట ఇంకా గీత పడి ఉంది. పెదాలు కదిలాయి. డాక్టరమ్మ గదిలో నాకు మాట అందించాలని చూసినప్పుడు కదిలినట్టే. చివరికి,

"నాకు గూడ యాదికొస్తలేదు," అంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మొదట ఎవరు నవ్వామో తెలియదు. సాయంత్రం ఈరన్నను అడుగుదామనుకున్నాం. ఆమె తన వైపు నాడెను ఇటు తోసింది. నేను అందుకున్నాను.